మంచి చెయ్యి

కిందటేడు ఆషాఢంలో మా ఎదురింటావిడకి ఒక ఆనపకాయ ఇచ్చాను. అందుకుంటూ, "మీ చెయ్యి మంచిదండీ! మీరేది పాతినా ఇట్టే బతుకుతుంది" అంది ఆవిడ. అంతే, ఆ పూటకి నాకు భోజనం అక్కర్లేకపోయింది. నా నవల బాగుందని ఎవరైనా అంటే కాస్త అనుమానంగా చూస్తాను, చదివి అన్నారా, మాటవరసకి అన్నారా అని. ఆనపకాయ దగ్గర ఆ బెంగ లేదు. రెండు చేతులా ఎత్తుకుంటేగాని ఆగని కాయ ఎదురుగా వుండి సాక్ష్యం చెబుతూంటే ఇంక అనుమానానికి చోటేదీ?

మాది ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించిన ఆనకట్ట వూరు. ఆ కట్ట స్థానంలో కొత్త బ్యారేజీ వచ్చి ఎన్నేళ్ళయినా మా నోటికి ఆనకట్ట అనే వస్తుంది. మా పెరడు పెద్దదేం కాదు. బావి, బావి పక్కన బట్టలుతికే రాయి, రాతికి అవతల ఒక అవిశె చెట్టు, రెండు కొబ్బరి చెట్లు, కరివేపాకు, నిమ్మ, ఒక పందిరి, గోడవారగా కనకాంబరాలు. ఇక్కడ ఏది వేసినా వస్తుందని వూళ్ళో అందరికీ గర్వమే. నిజానికి గర్వపడవలసింది గోదావరి. ఎక్కడెక్కడి కొండల మట్టో మోసుకొచ్చి మా గుమ్మాల్లో పోసింది. పక్కనే కడియం. అక్కడి నర్సరీల మొక్కలు లారీలెక్కి దేశమంతా వెళ్తాయి. అలాంటి చోట ఆనపపాదు కాసిందంటే అది నా చేతి గొప్పేనా? కాదని తెలుసు. తెలిసీ పొంగిపోయాను. మెచ్చుకోలు దగ్గర లెక్కలు చూసుకునేవాళ్ళు ఎవరుంటారు చెప్పండి?

లెక్క చూసుకుంటే మరి గులాబీ వుంది. మూడుసార్లు తెచ్చి నాటాను, మూడుసార్లూ పోయింది. నిమ్మచెట్టు లేతాకులన్నీ పురుగులు తినేశాయి. మొదట పిట్టరెట్టలా వుండి తరవాత ఆకుపచ్చగా మారే ఆ పురుగులే రేపు సీతాకోకచిలుకలై ఎగురుతాయిట. చంపడానికి చేతులు రాక, వూరుకోవడానికి మనసొప్పక పుల్లతో తీసి గోడ అవతల పడేశాను. అవతల పక్కింటివారి నిమ్మచెట్టు వుందన్న సంగతి నాకు అప్పుడు జ్ఞాపకం రాలేదని మనవి. ఇంక వంకాయల మాట ఎత్తకండి. పైకి నిగనిగలాడుతూ వుంటాయి, కోస్తే లోపల సంసారం చేస్తూ వుంటుంది పురుగు. వీటిలో ఒక్కటి కూడా నేను నా చేతి ఖాతాలో వేసుకోలేదు. గులాబీ పోతే నేల పడలేదన్నాను. వంకాయ పుచ్చితే విత్తనం మంచిది కాదన్నాను. కాస్తే నా చెయ్యి, చస్తే దాని ఖర్మ.

ఈ తప్పుడు ఖాతా ఇలాగే నడిచిపోయేది, తమలపాకు తీగ పోకపోతే.

ఆ తీగ అవిశె చెట్టు మీదికి పాకించినది. నాలుగేళ్ళు ఎంతో ముచ్చటగా పెరిగింది. శ్రావణమాసం వచ్చిందంటే మా వీధి పేరంటాలన్నిటికీ ఆకులు మా ఇంటి నుంచే. అలాంటిది కిందటేడు వరలక్ష్మీవ్రతం నాలుగు రోజులుందనగా, తెల్లారి చూస్తే వేడినీళ్ళు పోసినట్టు వాలిపోయి వుంది. సాయంత్రానికి ఆకులు వేలాడిపోయాయి.

అంతకు ముందురోజు ఆకులు కోసింది మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు. తొమ్మిదో తరగతి చదువుతోంది. బడి నుంచి వచ్చి తల్లి పని ముగించేదాకా పెరట్లోనే తిరుగుతుంది. మొక్కలంటే ప్రాణం ఆ పిల్లకి. ఏ పాదుకి ఎన్ని పిందెలున్నాయో నాకంటే తనకే తెలుసు.

"నిన్న ఆకులు కోసింది నువ్వేనా?" అన్నాను.

అంతే అన్నాను. గొంతు పెంచలేదు. కోప్పడలేదు. కాని ఆ ప్రశ్న ఆకుల గురించి కాదని మీకు తెలుసు, నాకు తెలుసు, ఆ పిల్లకీ తెలిసిపోయింది. తమలపాకు తీగని ఎవరు, ఏ రోజుల్లో ముట్టుకోకూడదో మనలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు గదా. పిల్ల జవాబు చెప్పలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మర్నాటి నుంచి పెరట్లోకి రావడం మానేసి వీధి అరుగు మీదే కూర్చుని పుస్తకం తిప్పడం మొదలుపెట్టింది.

నేను బి.ఏ. చదివినదాన్ని. ఆడవాళ్ళ కష్టాల మీద నవలలు రాసినదాన్ని. మార్చి 8వ తేదీ వస్తే ఎవరో ఒకరు పిలుస్తారు, వెళ్ళి గంటసేపు మాట్లాడి శాలువా కప్పించుకుని వస్తాను. అలాంటి నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చింది? నేర్చుకున్న మాట కాదది, చాలా ఏళ్ళుగా నోట్లోనే వున్న మాట. ఎప్పటి నుంచో వెతుక్కుంటూ వెళ్తే 1987 దగ్గర ఆగాను.

1986 ఆగస్టు వరద మా వూళ్ళో ఇప్పటికీ కొలబద్ద. ఆనకట్ట దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిందని చెప్పుకుంటారు. దాని తరవాతి ఏడు, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఇదే పెరట్లో మా మామ్మ తమలపాకు తీగ ఇలాగే పోయింది. రోజూ దానికి నీళ్ళు పోసేది మా అత్తయ్య, అంటే మా నాన్నగారి చెల్లెలు. పెళ్ళయిన మూడేళ్ళకి మావయ్య పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి ముప్ఫయ్యేళ్ళు కూడా లేవు. మనిషి కనపడకుండా తిరిగేది ఇంట్లో. ఎవరైనా పేరంటానికి పిలవడానికి వస్తే పెరట్లోకి వెళ్ళిపోయేది. అందుకనే మొక్కల పనంతా తనమీద పడిందని ఇప్పుడు అర్థమవుతోంది.

తీగ పోయిన రోజున మామ్మ అత్తయ్యని ఒక్క మాట అనలేదు. మరుసటి రోజు పొద్దున్న అత్తయ్య చెంబు తీసుకుని బావి దగ్గరికి వెళ్తూంటే ఆపి, ఆ చెంబు తీసి నాకిచ్చింది. "ఇక నుంచి నువ్వు పొయ్యవే. నీ చెయ్యి మంచిది" అంది.

నేనేం చేశానో తెలుసా? ఎగిరి గంతేశాను. ఇంటిల్లిపాదిలోకి నా చెయ్యి మంచిదంటే ఏ పిల్లకి సంతోషం కాదు? నాన్నగారు ఎక్కడి నుంచో కొత్త కణుపులు తెచ్చి ఈసారి కొబ్బరిచెట్టు మొదట్లో నాటారు. రోజూ నేనే నీళ్ళు పోశాను. తీగ బతికింది. ఆకులు వేసింది. వచ్చినవాళ్ళందరికీ మామ్మ చూపించేది, "మా మనవరాలు నాటుతున్న వేళ" అని. అప్పుడు అత్తయ్య ఎక్కడ నిలబడి వినేదో నాకు గుర్తులేదు. గుర్తులేకపోవడమే అసలు సంగతి.

ఇదంతా జ్ఞాపకం వచ్చాక ఇంక వూరుకోలేకపోయాను. ఎదురింటావిడ దిష్టి తగిలిందనీ గుమ్మడికాయ కట్టమనీ చెప్పింది. గుమ్మడికాయ సంగతి తరవాత చూసుకుందామని పలుగు తీసుకుని తీగ మొదట్లో తవ్వాను. కాండం నల్లగా మెత్తబడిపోయి, వేళ్ళు చేతికి చితికాయి. ముక్కు మూసుకోవలసిన వాసన. ఆ ముక్కనే ప్లాస్టిక్ సంచిలో వేసుకుని కడియం వైపు ఒక నర్సరీలో ఎప్పటి నుంచో పనిచేసే పెద్దాయనకి చూపించాను. ఆయన చూసీ చూడగానే, "నీళ్ళు నిలబడ్డాయామ్మా?" అన్నాడు.

నిలబడ్డాయి. ఎందుకు నిలబడ్డాయో చెప్పడానికి సిగ్గుగా వుంది. మా వాషింగ్ మెషీన్ నీళ్ళు వూరికే మురుక్కాలవలోకి పోతున్నాయని, ఆ జ్యేష్ఠంలో నేనే పైపు కొని అవిశె పాదులోకి మళ్ళించాను. ఎంత పొదుపు చేశానో అని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను కూడా. దానిమీద వానలు. మట్టి ఆరే అవకాశమే లేదు.

ఈ తెగులు సంగతి మా అమ్మాయి ఫోనులో కొంత, పుస్తకాల్లో కొంత చూసి తెలుసుకున్నాను. ఫైటోఫ్తోరా అని బూజులాంటి సూక్ష్మజీవుల కుటుంబం ఒకటుంది. దాని విత్తనాలవంటివి నిలవనీటిలో ఈదుకుంటూ పోయి వేళ్ళని పట్టుకుంటాయిట! పేరు కొత్త గాని, మా డెల్టాకి ఈ కుటుంబం పాత చుట్టమే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టాలో తాటిచెట్లు మొవ్వు కుళ్ళి వరసగా పడిపోతూంటే, బట్లర్ అనే శాస్త్రజ్ఞుడు పరిశోధించి దీని బంధువే కారణమని తేల్చాడు. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటని కుళ్ళబెట్టి, తరవాతి ఏళ్ళ కరువులో పది లక్షల మంది ప్రాణాలు తీసినదీ ఈ కుటుంబంలోదే. అప్పుడక్కడ దేవుడికి కోపం వచ్చిందని బోధించినవాళ్ళున్నారు. పంట పోయినప్పుడు బూజుని తిడితే తృప్తి వుండదు. తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి.

చదువుకోనివాళ్ళు గనక అలా అనుకున్నారని మనం సర్దుకోవచ్చు. కాని 1920లో వియన్నాలో ఏమయిందో చూడండి. డిఫ్తీరియాకి చర్మపరీక్ష కనిపెట్టిన డాక్టర్ బేలా షిక్, ప్రపంచమంతా పేరున్నవాడు, ఇంట్లో పనిచేసే అమ్మాయికి పూలిచ్చి నీళ్ళలో పెట్టమన్నాడట. మర్నాటికి అవి వాడిపోయాయి. అడిగితే తను నెలసరిలో వున్నానంది. ఇంకేం, ఆడవాళ్ళ వంట్లో ఆ రోజుల్లో ఏదో విషం పుడుతుందని పరీక్షలు చేసి వ్యాసం రాశాడు, విషానికి ఒక పేరు కూడా పెట్టాడు! తరవాత ఎన్నో ఏళ్ళు ఎందరో వెతికినా ఆ విషం నికరంగా దొరకలేదు. నాకు ఆశ్చర్యం వేసినది విషం గురించి కాదు. అంత పెద్ద డాక్టరుకి కూడా, పూలు వాడగానే నీళ్ళ మీదికీ కూజా మీదికీ కాక, సరాసరి పనిపిల్ల మీదికే చూపు పోయింది చూశారా? మా పెరట్లో నా చూపు కూడా అటే పోయింది. వియన్నాకీ ధవళేశ్వరానికీ ఇందులో తేడా లేదు.

అప్పటి నుంచీ నన్నొక ప్రశ్న వేధిస్తోంది. చెడ్డ చెయ్యి అనేది లేదని ఒప్పుకోవడం సులువే. మన బోటి వాళ్ళం అందరం ఒప్పుకుంటాం, సభలో అయితే చప్పట్లు కూడా కొడతాం. మరి మంచి చెయ్యి మాటేమిటి? ఎదురింటావిడ నన్ను మెచ్చుకున్నప్పుడు నేను కాదనలేదే! ఒకరి చేతిలో మొక్కని బతికించే మహిమ వుందని ఒప్పుకున్నాక, ఇంకొకరి చేతిలో చంపే దోషం వుందనడానికి మనకి అడ్డేముంది? రెండూ ఒకే నాణెం. బొమ్మ నేను వుంచుకుని బొరుసు ఆ పిల్లకిచ్చాను. 1987లో అది అత్తయ్యకి వెళ్ళింది.

అయినా ఆ బొరుసు ఎవరికి వెళ్తుందన్నది కూడా లాటరీ కాదు లెండి. మా తాతగారు ముచ్చటపడి కోనసీమ నుంచి తెప్పించి నాటిన కొబ్బరి మొక్కలు నాలుగింటిలో రెండు ఏడాది తిరక్కుండా పోయాయి. ఆయన చేతి గురించి ఎవరైనా మాట్లాడారా? మొక్కలమ్మినవాడు మోసం చేశాడన్నారు. ఇంటి యజమాని చెయ్యి ఎప్పుడూ చెడ్డది కాదు. తిరిగి జవాబు చెప్పలేనివాళ్ళ చేతులే చెడ్డవవుతాయి. విధవరాలు, పనిపిల్ల, కొత్తకోడలు. కావాలంటే మీ ఇళ్ళల్లో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి.

అలాగని పెంచే మనిషిలో ఏమీ లేదని అనను. ఒకే వీధిలో ఒకే మట్టిలో ఒకరింట్లో మల్లెపొద విరగబూస్తుంది, ఇంకొకరింట్లో కట్టెపుల్లలా వుంటుంది. ఏదో వుంది. కాని అది చేతిలో పుట్టినది కాదు, చూసి చూసి అలవడినది. అత్తయ్య నీళ్ళు పోసే ముందు చూపుడువేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూసేది. తడి తగిలితే చెంబు పక్కన పెట్టేసేది. చిన్నప్పుడు నాకది ఆటలా వుండేది. ఇప్పుడు నేను అలాగే గుచ్చి చూస్తాను, పైపు పెట్టిన పాదులో తప్ప. మంచి చెయ్యి అంటూ మా ఇంట్లో ఎవరికైనా వుండి వుంటే అది అత్తయ్యకే.

ఆవిడ ఇప్పుడు కాకినాడలో వుంటోంది. తరవాత కుట్టు నేర్చుకుని, ఒక బడిలో పిల్లలకి కుట్టు నేర్పి రిటైరయింది. ఫోను చేసి సంగతంతా చెప్పాను. ఏడుస్తుందేమో అనుకున్నాను, అంటే నేను రాసే నవలల్లోలాగ. ఏడవలేదు.

"నాకప్పుడే తెలుసునే" అంది. "రెండో రోజునే మన్ను తీసి చూశాను. మొదలంతా కుళ్ళిపోయింది. బట్టలుతికిన నీళ్ళు అటే పోయేవి గదా."

"మరి మామ్మకి చెప్పలేదేం అత్తయ్యా?"

"చెప్పాను."

"ఏవంది?"

"ముట్టుకున్నది చాలక వేళ్ళు కూడా పీకావుటే అంది."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరవాత నేనే, ఆ చెంబు నాకివ్వడం, నేను గంతులెయ్యడం, అవన్నీ తలుచుకుంటే సిగ్గుగా వుందన్నాను. అత్తయ్య నవ్వింది.

"నీ మొహం. ఆ రాగిచెంబు నీకు మొయ్యలేనంత బరువు. బావి దగ్గర నుంచి వచ్చేసరికి సగం నీళ్ళు వొలకపోసేదానివి. అందుకే బతికిందే ఆ తీగ. సర్లే, అవిశె చెట్టు బాగుందా? పువ్వులు పారెయ్యకు, వేపుడు చెయ్యి" అంది.

ముప్ఫయ్యెనిమిదేళ్ళుగా నేను మోస్తున్న బిరుదు అదన్నమాట!

అత్తయ్యతో మాట్లాడటం ఒక ఎత్తు, పిల్లతో మాట్లాడటం ఇంకొక ఎత్తు. పెద్దవాళ్ళం పిల్లలకి తప్పయిందని చెప్పడం మనకి అలవాటు లేదు. అరుగు మీద కూర్చున్న పిల్లని పిలిచి, దాచి వుంచిన కుళ్ళిన మొదలు చూపించాను. "దీనికీ నువ్వు ఆకులు కోయడానికీ ఏం సంబంధం లేదమ్మా. తప్పు నాది. నేను పెట్టిన పైపు వల్ల పోయింది" అన్నాను.

పిల్ల ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసింది. వాసన చూసి మొహం చిట్లించింది. తరవాత మెల్లిగా, "ఇది మా అమ్మకి కూడా చెప్పరా అండీ?" అంది.

నేను అడిగిన ఒక్క ప్రశ్న వాళ్ళింటి దాకా వెళ్ళిందని నాకప్పుడు తెలిసింది. అక్కడ ఆ పిల్ల ఏం పడిందో నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. వాళ్ళమ్మని పిలిచి అంతా మళ్ళీ చెప్పాను. "పోన్లెండమ్మగారూ, మీరు పెద్దమనసుతో అంటున్నారు" అందావిడ. పెద్దమనసు కాదు, నిజమేనని మళ్ళీ చెప్పాను. "అలాగేనండి. అయినా దాన్ని ముట్టుకోనివ్వను లెండి" అని వాకిలి తుడవడానికి వెళ్ళిపోయింది. పలుగుతో తవ్వితే నిజం ఒక పూటలో బయటపడింది గాని, దాన్ని ఆవిడ చేత నమ్మించడం నా వల్ల కాలేదు. అంతకాలం నుంచీ ఆవిడకి ఆ మాట చెబుతూ వచ్చినవాళ్ళు నా బోటి అమ్మగార్లే గదా.

డెల్టా రైతుకి తెలిసిన విషయమొకటుంది. కాలవ తవ్వి నీళ్ళు తేవడం సగం పనే. మురుగు పోయే దారి కూడా తవ్వితేగాని పంట దక్కదు. నేను ముందు ఆ పైపు పీకేశాను. అవిశె చెట్టు మొదట్లో నాలుగు తట్టలు మట్టి పోసి గట్టు ఎత్తు చేసి, నీళ్ళు జారిపోయేలా పక్క నుంచి చిన్న బోదె తీశాను. పాత మట్టి తీయించేశాను. కార్తీకంలో కడియం నుంచి ఆరు కణుపులు తెచ్చాను.

"నాతోబాటు నువ్వూ నాటుతావా?" అని పిల్లనడిగాను. కళ్ళు మెరిశాయి గాని వెంటనే, "నాటింది బతక్కపోతేనో?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. బతుకుతుందని మాటివ్వడానికి నేనెవరిని? కాసేపు ఆలోచించి కణుపులన్నీ ఒక తట్టలో కలిపేశాను. ఇద్దరం చెరోవైపూ కూర్చుని, తలో మూడూ చెట్టు చుట్టూ నాటాం. నాటుతూ అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ మారాం. ఎవరు ఎక్కడ పెట్టామో గుర్తుకి పుల్లలు కూడా గుచ్చలేదు. రోజూ పొద్దున్న నేనూ, సాయంత్రం తనూ వేలు గుచ్చి చూస్తాం. చాలా రోజులు నీళ్ళు పొయ్యకుండానే లేచి వచ్చేస్తాం.

ఆరింటిలో నాలుగు చిగురించాయి. రెండు పోయాయి. మొన్న వాళ్ళమ్మ అంట్లు తోముతూ తోముతూ చెట్టు వైపు చూసి, "మా పిల్ల నాటినవి ఏవండీ?" అని అడిగింది.

"గుర్తులేదు" అన్నాను.